యురేనియం సంపన్నీకరణము – డొంకరాయి కొలతతో ఒక లెక్క

తూర్పు కనుమలలో సీలేరు నదిపై డొంకరాయి జలాశయమున్నది. ఎగువ సీలేరు కేంద్రమున యంత్రములను త్రిప్పి విడిచిన నీరు ఈ జలాశయమునకు చేరును. ఇచ్చట ఆ నీరే మరల ఒక యంత్రమును త్రిప్పి, కాలువ వెంట సాగి, దిగువ సీలేరు కేంద్రమున ఇంకొకమారు విద్యుత్తునిచ్చును. ఆ మీదట సీలేరు శబరిలోను, శబరి కూనవరము వద్ద గోదావరిలోను కలియును. ఒకే నీరు మెట్టు మెట్టుగా దిగుచు, ప్రతి మెట్టునను పని చేయుచున్నది.

ఈ మూడింటిలో డొంకరాయి కేంద్రము చిన్నది. దాని సామర్థ్యము 25 మెగావాట్లు. అది ఒక పగలు, ఒక రాత్రి పూర్తి సామర్థ్యముతో నడచినచో 6 లక్షల యూనిట్ల విద్యుత్తు ఉత్పత్తియగును. నీటి రాకను బట్టి ఇది ప్రతిదినము సాధ్యము కాకపోవచ్చును; కాని లెక్కకు ఇది చక్కని కొలత. ఈ 6 లక్షల యూనిట్లకు ‘డొంకరాయి దినము’ అని పేరు పెట్టుకొందము.

1000 మెగావాట్ల అణు విద్యుత్కేంద్రము ఒకటి సంవత్సరము పాటు నడచుటకు కావలసిన యురేనియమును తగిన స్థితికి తెచ్చుటకు ఒకప్పుడు 480 డొంకరాయి దినముల విద్యుత్తు ఖర్చయ్యెడిది. నేడు అదే పనికి 10 దినములు చాలును. ఆ పని యేది? అంత కష్టమెందువలన కలిగెను? ఆ కష్టము తగ్గుట మానవజాతికి మేలా, కీడా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు ముందు యురేనియం స్వభావమును తెలిసికొనవలెను.

ఒకే మూలకము, రెండు బరువులు

యురేనియమును 1789లో జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు క్లాప్రోత్ కనుగొనెను. అంతకు ఎనిమిదేండ్ల ముందు కనుగొనబడిన యురేనస్ గ్రహము పేరునే ఈ మూలకమునకు పెట్టిరి. ఇది అంత అరుదైన పదార్థము కాదు. భూమి పైపొరలోని శిలలలో సగటున టన్నుకు రెండు మూడు గ్రాముల యురేనియం ఉండును.

యురేనియం పరమాణువులు అన్నియు ఒకే బరువు గలవి కావు. ప్రతి పరమాణు కేంద్రకమునందును 92 ప్రోటానులుండును. కాని కొన్నిటిలో 146 న్యూట్రానులు, మరికొన్నిటిలో 143 న్యూట్రానులు ఉండును. మొదటి రకమునకు యురేనియం-238 అనియు, రెండవ రకమునకు యురేనియం-235 అనియు పేర్లు. ఇట్లు ఒకే మూలకమునకు చెంది, బరువులో మాత్రము భేదించు పరమాణువులను ఐసోటోపులు లేక సమస్థానీయములు అందురు. యురేనియం-235 ఉనికిని 1935లో డెంప్‌స్టర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు గుర్తించెను.

ప్రకృతిలో లభించు యురేనియంలో 1000 పరమాణువులను లెక్కించినచో అందులో సుమారు 993 పరమాణువులు 238 రకమునకు, 7 మాత్రమే 235 రకమునకు చెందును. కడప జిల్లా తుమ్మలపల్లె గనిలోని ఖనిజమైనను, కెనడా గనులలోని ఖనిజమైనను ఈ పాలు ఒక్కటియే. ఈ ఏడింటి పాలును పెంచుటయే సంపన్నీకరణము.

వార్తాపత్రికలు దీనిని ‘యురేనియం శుద్ధి’ అని వ్రాయుచుండును. ఆ మాట విద్యార్థులను కొంత పొరపాటులో పడవేయును. శుద్ధి యనగా మలినములను తొలగించుట. బియ్యములోని రాళ్ళను ఏరుట శుద్ధి. యురేనియం-238 మలినము కాదు, అదియు యురేనియమే. రెండును ఒకే ఆమ్లమున కరగును, ఒకే లవణములనిచ్చును. ఒకదానిని కదిలించి రెండవదానిని విడిచిపెట్టు రసాయనము సామాన్యముగా దొరకదు. కష్టమంతయు ఇచ్చటనే ఉన్నది.

ఆ ఏడింటి విలువ

1938 డిసెంబరులో బెర్లినులో ఆటోహాన్, స్ట్రాస్‌మన్ అను రసాయన శాస్త్రజ్ఞులు యురేనియమును న్యూట్రానులతో తాడించగా అందులో బేరియం కనబడెను. యురేనియం కేంద్రకము రెండు ముక్కలగుచున్నదని లీజ్ మైట్నర్, ఆమె సోదరి కుమారుడు ఆటో ఫ్రిష్ వివరించిరి. ఈ విచ్ఛిత్తిలో విశేషమైన శక్తితో పాటు రెండు మూడు కొత్త న్యూట్రానులు కూడ వెలువడును. అవి మరికొన్ని కేంద్రకములను చీల్చినచో శృంఖల చర్య సాగును.

మంద వేగము గల న్యూట్రానులకు చీలునది 235 మాత్రమేయని నీల్స్ బోర్ 1939లో ఊహించెను. 1940లో నియర్ అను శాస్త్రజ్ఞుడు అత్యల్పమైన యురేనియం-235ను వేరుచేసి యివ్వగా, కొలంబియా విశ్వవిద్యాలయమున దానిని పరీక్షించి బోర్ ఊహ నిజమని తేల్చిరి. 238 చాలవరకు న్యూట్రానును మ్రింగి ఊరకుండును. కావున 1000లో 7 నిప్పు, 993 బూడిద వంటివి. బూడిద మిక్కిలిగా ఉన్నచో నిప్పు అంటుకొనదు.

రియాక్టరులో న్యూట్రానుల వేగమును తగ్గించుటకు సామాన్యమైన నీటిని వాడినచో మరియొక చిక్కు వచ్చును. నీటిలోని హైడ్రోజను కూడ కొన్ని న్యూట్రానులను మ్రింగివేయును. అందువలన నీటి రియాక్టర్లలో ప్రకృతి యురేనియం పనికిరాదు. 235 పాలును నూటికి 3 నుండి 5 వరకు పెంచవలెను. అణుబాంబునకైతే నూటికి 90 దాక పెంచుట పరిపాటి.

తూర్పారబట్టుట

కళ్ళములో రైతు ధాన్యమును తూర్పారబట్టునప్పుడు గాలికి తాలు దూరముగా, గింజ దగ్గరగా పడును. బరువులోని భేదమే వేర్పాటునకు ఆధారము. తాలునకు గింజకు బరువులో చాల భేదమున్నది గనుక ఒకటి రెండు మార్లకే పని ముగియును. యురేనియమును కూడ బరువును బట్టియే వేరుచేయవలెను. కాని 235కు, 238కి గల భేదము నూటికి ఒకటింబావు మాత్రమే!

ముందుగా యురేనియమును వాయురూపమునకు తేవలెను. యురేనియం, ఫ్లోరిన్ కలిసిన హెక్సాఫ్లోరైడు అను పదార్థము సుమారు 56 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే ఘనరూపము నుండి వాయువగును. ఫ్లోరిన్ పరమాణువులన్నియు 19 బరువు గలవే. ఇది ప్రకృతి చేసిన ఉపకారము. ఫ్లోరిన్ వలన బరువులో ఏ గందరగోళమును కలుగదు. ఆరు ఫ్లోరిన్ పరమాణువుల బరువును కూడగా తేలిక అణువు బరువు 349, బరువైన అణువు బరువు 352 అగును.

ఒకే ఉష్ణోగ్రతలో తేలిక అణువులు కొంచెము వేగముగా చలించునని 19వ శతాబ్దమున గ్రాహం కనుగొనిన నియమము వలన తెలియుచున్నది. వేగముల నిష్పత్తి బరువుల నిష్పత్తికి వర్గమూలము. 352ను 349తో భాగించి వర్గమూలము కట్టినచో 1.0043 వచ్చును. అనగా వాయువును అతి సూక్ష్మ రంధ్రములు గల పొర గుండా పంపినచో, ఆవలి వైపున 1000లో 7.20గా ఉన్న పాలు 7.23 అగును. ఒక మెట్టునకు దక్కు ఫలమింతే!

కావున ఆ వాయువును మరల ఇంకొక పొర గుండా, ఆపై మరియొక పొర గుండా పంపుచు పోవలెను. నూటికి 4 పాళ్ళు రావలెనన్నచో ఏ లోపమును లేకుండ పనిచేసినను 400కు పైగా మెట్లు అవసరము. ఆచరణలో అవి వేయికి మించును. సీలేరు నీరు తనంత తానుగా మెట్లు దిగుచు మనకు శక్తినిచ్చుచున్నది. ఈ వాయువును మాత్రము ప్రతి మెట్టునను యంత్రముతో నొక్కి పైకి నెట్టవలెను. నొక్కినప్పుడు పుట్టిన వేడిని తీసివేయవలెను. విద్యుత్తు ఖర్చంతయు అందులోనే ఉన్నది.

ఓక్ రిడ్జి

రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1940 మార్చిలో, ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నుండి ఫ్రిష్, పైయర్ల్స్ అను ఇరువురు ఒక చిన్న నివేదికను వ్రాసిరి. వేరుచేసిన 235 కొద్దిగా లభించినను భయంకరమైన బాంబు తయారగునని అందులో చెప్పిరి. దాని ఫలితముగా అమెరికా టెన్నెసీ రాష్ట్రమందు ఓక్ రిడ్జి అను చోట పెద్ద కర్మాగారములు వెలసినవి. ఆనకట్టలతో విద్యుత్తు సమృద్ధిగా లభించు ప్రాంతమగుటయు ఆ చోటును ఎన్నుకొనుటకు ఒక కారణము.

అక్కడ మూడు పద్ధతులను ఒకేసారి ప్రయత్నించిరి. కె-25 అను భవనమున పొరల గుండా వాయువును పంపు పద్ధతిని అనుసరించిరి. ఆ భవనము పొడవు సుమారు అర మైలు. వై-12 అను చోట విద్యుదావేశము గల పరమాణువులను అయస్కాంతముల మధ్య వంపు దారిన నడిపి, తేలిక వానిని, బరువైన వానిని వేరువేరు చోట్ల పట్టిరి. యుద్ధకాలమున రాగి కొరతగా ఉండుటచే ఆ అయస్కాంతముల తీగచుట్లకు ప్రభుత్వ ఖజానా నుండి 13 వేల టన్నులకు పైగా వెండిని అరువు తెచ్చిరి! ఎస్-50 అను చోట వేడి గోడకు, చల్లని గోడకు నడుమ ద్రవరూపమున వేర్పాటు చేసిరి. ఇంత శ్రమ ఫలితముగా చేకూరిన సుమారు 64 కిలోల సంపన్న యురేనియం 1945 ఆగస్టు 6న హిరోషిమాపై పడెను. ఆ నగరమున వేలకు వేలు ప్రజలు మరణించిరి.

యుద్ధానంతరము పొరల పద్ధతియే కొన్ని దశాబ్దములు రాజ్యమేలెను. ఫ్రాన్సులో త్రికాస్తాన్ వద్ద ఇట్టి కర్మాగారమును నడపుటకు ప్రక్కనే ఉన్న నాలుగు అణు రియాక్టర్లలో మూడింటి విద్యుత్తు వినియోగమగుచుండెడిది. ఆ కర్మాగారము 2012లోను, అమెరికాలోని చివరిదైన పడూకా కర్మాగారము 2013లోను మూతపడినవి.

బొంగరము వలె తిరుగు గొట్టము

పాల నుండి వెన్నను తీయు యంత్రమును చాలమంది చూచియుందురు. పాత్ర వేగముగా తిరుగునప్పుడు బరువైన పాలు అంచునకు, తేలికయైన మీగడ నడుమకు చేరును. వాయువు నింపిన గొట్టమును అంతకంటె ఎన్నో రెట్లు వేగముగా త్రిప్పినచో బరువైన అణువులు గోడ వైపునకు, తేలికవి ఇరుసు వైపునకు అధికముగా చేరును. దీనిని అపకేంద్ర పద్ధతి అందురు. ఐసోటోపులను ఇట్లు వేరు చేయవచ్చునని 1919లోనే సూచన వచ్చెను. 1930 దశకమున వర్జీనియా విశ్వవిద్యాలయమున జెస్సీ బీమ్స్ దీనిని ప్రయోగములో చూపెను. కాని అంత వేగమునకు ఇరుసులు నిలువనందున యుద్ధకాలమున ఈ పద్ధతిని విడిచిపెట్టిరి.

యుద్ధఖైదీగా సోవియట్ రష్యాకు చేరిన ఆస్ట్రియా దేశీయుడు గెర్నోట్ జిప్పె తన సహచరులతో కలిసి ఈ చిక్కును విడదీసెను. సన్నని గొట్టమును క్రింద సూదిమొనపై బొంగరము వలె నిలిపి, పైన అయస్కాంతముతో తాకకుండ పట్టియుంచు ఏర్పాటు అది. చుట్టును గాలి లేకుండ చేయుటచే రాపిడి దాదాపు ఉండదు. ఒకమారు వేగము పుంజుకొనిన పిమ్మట గొట్టమును త్రిప్పుచుండుటకు స్వల్పమైన విద్యుత్తు చాలును. నేటి యంత్రములలో గొట్టము నిమిషమునకు 50 వేల చుట్లకు పైగా తిరుగును. గొట్టము లోపల వాయువును ఒక ప్రక్క పైకి, మరియొక ప్రక్క క్రిందికి పారించుటచే వేర్పాటు ఇంకను హెచ్చును. వేయి మెట్ల పని పది ఇరువది మెట్లలో ముగియును. అయితే ఒక్కొక్క గొట్టములో పట్టు వాయువు చాల తక్కువ గనుక ప్రతి మెట్టునందును అనేక గొట్టములను ప్రక్కప్రక్కన అమర్చవలెను. 1970లో బ్రిటను, పశ్చిమ జర్మనీ, నెదర్లాండ్సు ఈ పద్ధతి కొరకు అల్మెలో నగరమున ఒడంబడిక చేసికొనెను.

లెక్క

ఈ వేర్పాటునకు పడు శ్రమను కొలుచుటకు ‘వేర్పాటు శ్రమ ప్రమాణము’ అను కొలత ఉన్నది. 1000 మెగావాట్ల నీటి రియాక్టరునకు సంవత్సరమునకు నూటికి 4 పాళ్ళ సంపన్న యురేనియం సుమారు 20 టన్నులు కావలెను. అందుకు 160 టన్నులకు పైగా ప్రకృతి యురేనియమును, సుమారు 1,20,000 ప్రమాణముల శ్రమను వెచ్చించవలెను.

పొరల పద్ధతిలో ఒక్కొక్క ప్రమాణమునకు సుమారు 2,400 యూనిట్లు ఖర్చగును. 1,20,000ను 2,400తో గుణించినచో 28 కోట్ల 80 లక్షల యూనిట్లు. డొంకరాయి దినమునకు 6 లక్షల చొప్పున ఇది 480 దినములు. అనగా డొంకరాయి యంత్రము సంవత్సరమంతయు క్షణమైనను ఆగక నడచినను చాలదు. అపకేంద్ర పద్ధతిలో ప్రమాణమునకు సుమారు 50 యూనిట్లే. మొత్తము 60 లక్షల యూనిట్లు. అనగా 10 దినములు. సుమారు 50 రెట్లు ఆదా!

ఇంతవరకు మేలే. కాని ఇదే లెక్కలో ఆలోచింపదగిన విషయము మరొకటి ఉన్నది. మరల 1000 పరమాణువులను తీసికొందము. అందులో 7 మాత్రమే 235. వానిని నూటికి 4 పాళ్ళకు తేవలెనన్నచో మొత్తము 175 మిగులవలెను; అనగా 825 పరమాణువులను తీసివేయవలెను. అచ్చట నుండి నూటికి 90కి పోవుటకు ఇంక 167ను తీసివేసిన చాలును. నిజమైన కర్మాగారమున కొంత 235 కూడ వ్యర్థములో పోవును గాని సారాంశమిదే. విద్యుత్కేంద్రపు ఇంధనము వరకు వచ్చుసరికి బాంబు దారిలో సుమారు మూడింట రెండు వంతుల శ్రమ ముగిసియుండును. రెండు దారులకు యంత్రములు వేరు కావు. గొట్టముల అమరికయు, నడపు కాలమును మాత్రమే వేరు.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ బాంబునకు చాలునని లెక్కించు పరిమాణము 25 కిలోల యురేనియం-235. దానిని ప్రకృతి యురేనియం నుండి తీయుటకు సుమారు 5,000 ప్రమాణముల శ్రమ కావలెను. పొరల పద్ధతిలో ఇది 20 డొంకరాయి దినముల విద్యుత్తు. అపకేంద్ర పద్ధతిలోనో, డొంకరాయి సగము దినపు విద్యుత్తు కూడ అక్కరలేదు! అర మైలు పొడవున కె-25 వంటి భవనమును, దానికి పోవు విద్యుత్తును, వెలువడు వేడిని దాచుట దుర్లభము. మామూలు కర్మాగారమును పోలిన కట్టడములో తిరుగు గొట్టములను దాచుట అంత కష్టము కాదు. 1970 దశకమున నెదర్లాండ్సులోని నమూనాలు పాకిస్తానునకు చేరుటయు, ఆ తరువాత మరికొన్ని దేశములకు ప్రాకుటయు ఇందుకు నిదర్శనము. అందుచేతనే నేడు అణుశక్తి సంస్థ తనిఖీదారులు విద్యుత్తు లెక్కలతో తృప్తిపడక, యంత్రములకు ముద్రలు వేసి, గోడలపై దుమ్మును సైతము గుడ్డతో తుడిచి పరీక్షింతురు.

నీటిని సంపన్నము చేసిన దారి

మన దేశము విద్యుత్తు కొరకు ప్రధానముగా మరియొక దారిని ఎన్నుకొనెను. నీటి రియాక్టరులో చిక్కునకు కారణము యురేనియం పేదరికము మాత్రమే కాదు, న్యూట్రానులను మ్రింగు హైడ్రోజను కూడ. యురేనియమునకు బదులు నీటినే మార్చినచో? హైడ్రోజనునకును బరువైన ఐసోటోపు ఉన్నది. దాని పేరు డ్యుటీరియం. సుమారు 6,500 హైడ్రోజను పరమాణువులలో ఒకటి డ్యుటీరియం. అది న్యూట్రానులను చాల తక్కువగా మ్రింగును. అట్టి భారజలమును వాడినచో ప్రకృతి యురేనియమే ఇంధనముగా పనికివచ్చును.

6,500లో ఒకదానిని పట్టుట 1000లో ఏడింటిని పట్టుట కంటె కష్టమని తోచవచ్చును. కాని ఇచ్చట బరువుల నిష్పత్తి ఒకటికి రెండు. భేదము అంత పెద్దదగుటచే రసాయన చర్యలలోనే అది బయటపడును. డ్యుటీరియం చల్లని స్థితిలో నీటిలోను, వేడి స్థితిలో హైడ్రోజను సల్ఫైడు వాయువులోను చేరుటకు మొగ్గుచూపును. ఈ గుణముతో భారజలమును తీయు కర్మాగారము మణుగూరు సమీపమున, శబరీ సంగమమునకు ఎగువన, గోదావరి ఒడ్డున 1991 నుండి పనిచేయుచున్నది. తీసిన భారజలము ఇంధనము వలె కాలిపోదు. రియాక్టరులో ఒకమారు నింపిన పిమ్మట కారిపోయిన మేరకు కలిపిన చాలును.

ప్రకృతి యురేనియమును ఇంధన కట్టలుగా మలచునది 1971లో స్థాపితమైన హైదరాబాదు అణు ఇంధన సంస్థ. 2012లో ఉత్పత్తి ప్రారంభించిన తుమ్మలపల్లె గని ఖనిజము చాల పేదది. అయినను దాని యురేనియం కూడ ఈ రియాక్టర్లకే.

సంపన్న యురేనియంపై ఆధారపడుటలోని చిక్కును కూడ ఆ హైదరాబాదు సంస్థ ఎరుగును. 1969లో ప్రారంభమైన తారాపూరు రియాక్టర్లు నీటి రియాక్టర్లు. 1963 ఒడంబడిక ప్రకారము అమెరికా నుండి వచ్చిన సంపన్న హెక్సాఫ్లోరైడును హైదరాబాదులో ఆక్సైడుగా మార్చి, బిళ్ళలు చేసి, జిర్కోనియం మిశ్రలోహపు గొట్టములలో నింపి పంపెడివారు. 1974లో పోఖ్రానులో అణు పరీక్ష జరిగిన మీదట అమెరికా సరఫరా చిక్కులలో పడి ఆగిపోయెను. అటుపిమ్మట ఫ్రాన్సు, చైనా, రష్యా ఒకరి తరువాత ఒకరుగా ఇంధనమునిచ్చినవి. భారజల రియాక్టర్లకు ఈ ఆటంకము కలుగలేదు.

అయినను సంపన్నీకరణమును మన దేశము పూర్తిగా విడువలేదు. మైసూరు సమీపమున రత్తెహళ్ళి వద్ద అపకేంద్ర యంత్రములు నడచుచున్నవి. 2009లో విశాఖపట్టణమున జలప్రవేశము చేసిన అరిహంత్ జలాంతర్గామి రియాక్టరు సంపన్న యురేనియంతో నడచును. ఇరుకైన ఓడలో పెద్ద భారజల రియాక్టరునకు చోటుండదు. కూడంకుళములోని 1000 మెగావాట్ల రియాక్టర్లకు కావలసిన సంపన్న ఇంధనము రష్యా నుండి వచ్చుచున్నది.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ లెక్కను విద్యార్థులచేత చేయించవచ్చును. 7.2తో ప్రారంభించి మార్లు మార్లు 1.0043తో హెచ్చవేయించినచో ఎన్నవ మెట్టున 8 వచ్చునో వారే చూతురు. అదే 7.2ను 1.3తో హెచ్చవేసినచో మొదటి మెట్టుననే 9 దాటును. రెండు సంఖ్యల నడుమనున్న ఈ తేడాయే 480 దినములను 10 దినములు చేసినది. ఒకప్పుడు ప్రకృతి నియమమే బాంబునకు అడ్డుగోడగా ఉండెను. యంత్రశాస్త్రము ఆ గోడను తగ్గించినది. మిగిలిన ఎత్తును ఒడంబడికలు, తనిఖీలు, మనుష్యుల వివేకము నిలుపవలసియున్నది.